మూడు పాత్రల మధ్య ఒక అభ్యర్థి: రెక్స్-పి.ఎన్. పరీక్ష సన్నద్ధతపై కేస్ స్టడీ

కెనడా వెలుపల నర్సింగ్ చదివి, ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సుగా నమోదు కావాలనుకునే వారిని, అందుకు రాయవలసిన రెక్స్-పి.ఎన్. పరీక్షకు సిద్ధం చేయడం నా పని. ఈ కేసులోని అభ్యర్థి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను తీసివేశాను. ఒకసారి తప్పి, రెండోసారి నెగ్గిన వారు చాలామందే ఉంటారు కాబట్టి ఫలితం దృష్ట్యా ఇది అరుదైన కేసు కాదు. అయితే ఆమె ఎందుకు తప్పారో తెలుసుకోవడంలో మొదట నేనే పొరబడ్డాను. ఆ పొరపాటు వల్ల ఆమెకు ఆరు వారాల సమయం వృథా అయింది, నా బోధన తీరూ మారింది. అందుకే దీన్ని వివరంగా నమోదు చేయాలనిపించింది.

అభ్యర్థి నేపథ్యం

ఆమె వయసు ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా పూర్తిచేసి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలోని సర్జికల్ వార్డులో ఏడేళ్లు పనిచేశారు. ఒంటారియోలో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావడానికి 2005 నుంచి బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరిగా ఉండేది. డిప్లొమా మాత్రమే ఉన్న ఆమెకు రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్సు, అంటే ఆర్.పి.ఎన్. మార్గమే అందుబాటులో కనిపించింది. నమోదు పూర్తయ్యేలోగా ఇల్లు గడవాలి కనుక ఒక లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో, అంటే ఎక్కువకాలం సంరక్షణ అవసరమైనవారు ఉండే చోట, పర్సనల్ సపోర్ట్ వర్కర్‌గా, అంటే రోజువారీ సంరక్షణ పనులు చేసే సహాయకురాలిగా, రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. ఈ చివరి వివరాన్ని మొదటి రోజే నా పుస్తకంలో రాసుకున్నాను గానీ, దాన్ని నిద్రలేమికి సంబంధించిన విషయంగానే చూశాను. అసలు సంగతి అంతకంటే లోతైనదని తర్వాత తెలిసింది.

పరీక్ష స్వభావం

రెక్స్-పి.ఎన్. పరీక్ష 2022 జనవరి నుంచి ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సులలో అమలులో ఉంది. అంతకుముందు అక్కడ కెనడియన్ ప్రాక్టికల్ నర్స్ రిజిస్ట్రేషన్ ఎగ్జామినేషన్ ఉండేది. పాత పరీక్షలో అందరికీ ప్రశ్నల సంఖ్య ఒక్కటే. కొత్తది కంప్యూటర్ అడాప్టివ్ పద్ధతిలో సాగుతుంది. అభ్యర్థి ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కఠినత మారుతుంది, వెనక్కి వెళ్లి జవాబు దిద్దుకునే వీలుండదు. ప్రశ్నలు కనీసం 90, గరిష్ఠం 150. సమయం నాలుగు గంటలు. అభ్యర్థి సామర్థ్యం ఉత్తీర్ణతా ప్రమాణానికి పైన ఉందో కింద ఉందో 95 శాతం నిశ్చయంతో తేలగానే పరీక్ష ఆగిపోతుంది. బాగా చదివిన వారికి కూడా ప్రశ్నలు వారి స్థాయికి తగ్గట్టు కఠినమవుతూ పోతాయి కాబట్టి, దాదాపు సగం తప్పుతున్నామన్న భావన పరీక్ష పొడవునా ఉండటం సహజం. ఈ సంగతి ముందే తెలియని అభ్యర్థి లోపల ఎంత కుంగిపోతారో చూసినవారికే అర్థమవుతుంది.

మొదటి ప్రయత్నం, నా తొలి అంచనా

ఆమె నా దగ్గరకు వచ్చేసరికి ఒక ప్రయత్నం అయిపోయింది. ప్రశ్న 90 దాటినా తెర ఆగకపోవడంతో తప్పాననే అనుకున్నానని, ఆ తర్వాతి ప్రశ్నలను సరిగ్గా చదవనేలేదని చెప్పారు. చివరికి 150 ప్రశ్నలూ పూర్తిచేశారు. తప్పిన వారికి వచ్చే పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఒక్కో విభాగంలో వారి స్థాయి ఉత్తీర్ణతా ప్రమాణానికి పైన ఉందా, దగ్గరగా ఉందా, కింద ఉందా అని మాత్రమే ఉంటుంది. ఆమె రిపోర్టులో శరీరధర్మానికి సంబంధించిన విభాగాలు చాలావరకు ప్రమాణానికి దగ్గరగా ఉన్నాయి. సంరక్షణ నిర్వహణ, మనోసామాజిక విభాగాలు కిందే ఉన్నాయి.

ఆ రిపోర్టును నేను సరిగ్గా చదవలేదు. ఏడేళ్ల సర్జికల్ అనుభవం ఉన్న నర్సు శరీరధర్మ విభాగాల్లో ప్రమాణానికి పైన ఉండాలి కదా, దగ్గర దగ్గరగా ఉందంటే చదివింది మరిచిపోయి ఉంటారని అనుకున్నాను. ఆరు వారాల పాటు మళ్లీ పాఠాలే చెప్పాను: గుండె, శ్వాసకోశం, మూత్రపిండాలు, మధుమేహం, ప్రసూతి. ఆమె శ్రద్ధగా రాసుకున్నారు. నోటిమాటగా అడిగితే ప్రతి ప్రశ్నకూ చక్కగా జవాబు చెప్పేవారు. ప్రాక్టీస్ ప్రశ్నల్లో మాత్రం మార్కులు కదల్లేదు. ఏడో వారం మొదట్లో ఆమె నాతో అన్న మాట ఇది: "మేడం, నాకు విషయం తెలుసు. తెలిసిన విషయానికి ఏ జవాబు పెట్టాలో తెలియడం లేదు." నేను ఆరు వారాలు అడగకుండా వదిలేసిన ప్రశ్నకు అది జవాబు.

బయటకు చెబుతూ ఆలోచించడం

అప్పటినుంచి పాఠాలు ఆపేశాను. ప్రశ్న చదివి, ఒక్కో ఆప్షన్‌ను ఎందుకు ఉంచుతున్నారో, ఎందుకు కొట్టేస్తున్నారో పైకి చెప్పమన్నాను. తెలుగులోనే చెప్పమన్నాను, ఎందుకంటే ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆమె పుస్తకంలోని వాక్యాలను అప్పజెప్పేవారే తప్ప, మనసులో నడుస్తున్నది బయటపడేది కాదు.

నేను తయారుచేసిన ఒక ప్రశ్న ఇది. పొత్తికడుపు శస్త్రచికిత్స అయిన రెండో రోజు పేషెంటుకు ఉన్నట్టుండి ఆయాసం మొదలైంది. నర్సు మొదట ఏం చేయాలి? డాక్టరుకు ఫోన్ చేయడం, తలవైపు మంచం ఎత్తి ఆక్సిజన్ సాచురేషన్ చూడటం, నొప్పి మందు ఇవ్వడం, రికార్డులో రాయడం అనేవి ఆప్షన్లు. ఆమె డాక్టరుకు ఫోన్ చేయడాన్ని ఎంచుకున్నారు. కారణం అడిగితే, "తల ఎత్తి పెడతాం మేడం, అది చేతులు వాటంతటవే చేస్తాయి. కానీ రాసేటప్పుడు మాత్రం డాక్టరుగారికి చెప్పాం అనే రాయాలి. లేకపోతే ఆర్డర్ లేకుండా ఎందుకు చేశావని అడుగుతారు" అన్నారు. అంటే ఏం చేయాలో ఆమెకు తెలుసు, చేతులకూ తెలుసు. కానీ తన నిర్ణయాన్ని తనదిగా చెప్పుకోవడం ఆమె పనిచేసిన వార్డులో తప్పుగా లెక్కకు వచ్చేది. పరీక్ష మాత్రం సరిగ్గా ఆ నిర్ణయాన్నే అడుగుతోంది.

దీన్ని సరిదిద్దబోయి మరో పొరపాటు చేశాను. "ముందు అంచనా, తర్వాత చర్య" అన్న సూత్రాన్ని నూరిపోశాను. వారం తిరక్కుండానే అది కొత్త తప్పులకు దారితీసింది. మధుమేహం ఉన్న వ్యక్తికి చెమటలు, వణుకు, తెలివిగానే ఉన్నారు, రక్తంలో గ్లూకోజ్ లీటరుకు 3.2 మిల్లీమోల్స్, అంటే బాగా తక్కువ అని ప్రశ్నలోనే ఇచ్చినా, ఆమె మళ్లీ వైటల్స్ (నాడి, రక్తపోటు వంటివి) చూడటాన్నే ఎంచుకున్నారు. అంచనాకు కావలసినదంతా ప్రశ్నలోనే ఉంది. మిగిలింది వెంటనే 15 గ్రాముల త్వరగా పనిచేసే కార్బోహైడ్రేట్ నోటిద్వారా ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించడమే. ఒక సూత్రం స్థానంలో ఇంకో సూత్రాన్ని పెట్టినంత మాత్రాన ఆలోచన రాదని నాకు అర్థమైంది. ఆ తర్వాత ఆమెకు సూత్రాలు ఇవ్వడం మానేసి, ప్రతి ప్రశ్న దగ్గరా ఒకే విషయం రాయమన్నాను: నాకు ఇప్పటికే తెలిసిన సమాచారం ఏమిటి, అది చర్యకు సరిపోతుందా, లేదా?

కనిపించకుండా ఉన్న మూడో పాత్ర

పైకి చెప్పించడం మొదలుపెట్టిన మూడో వారంలో, నేను ఊహించనిది బయటపడింది. లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో ఒక వృద్ధురాలు ఉదయం నుంచి కొత్తగా తికమకగా మాట్లాడుతున్నారు, మూత్రం మంటగా ఉందన్నారు. ప్రాక్టికల్ నర్సు ఏం చేయాలి అన్నది ప్రశ్న. ఆమె ఏ తడబాటూ లేకుండా "ఛార్జ్ నర్సుకు (ఆ షిఫ్టు బాధ్యత చూసే నర్సుకు) తెలియజేయడం" ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే, "మా హోమ్‌లో అంతే మేడం, రెసిడెంట్‌లో, అంటే అక్కడ ఉండేవారిలో, ఏ మార్పు కనిపించినా నర్సుకు చెప్పడం మా బాధ్యత" అన్నారు. చెప్పిన వెంటనే ఆగిపోయారు. నేనేమీ అనలేదు. కాసేపటికి, "ఇక్కడ ఆ నర్సును నేనే కదా" అన్నారు.

అప్పటిదాకా ఆమె తప్పులన్నిటినీ పాత వార్డు అలవాటు కిందే లెక్కవేశాను. నిజానికి ఆమె మూడు పాత్రల నుంచి జవాబులు ఇస్తున్నారు. డాక్టరు ఆర్డర్ కోసం చూసే వార్డు సిస్టర్ ఒకరు. ప్రతి రాత్రీ నర్సుకు రిపోర్ట్ చేసే సపోర్ట్ వర్కర్ ఇంకొకరు. తన పరిధిలో తానే అంచనా వేసి, తానే చేసి, అవసరమైతే సహచరులను సంప్రదించే ఆర్.పి.ఎన్. మూడోవారు. మొదటి రెండు పాత్రలలోనూ ఆమె మంచి పనిమంతురాలు. ఆ పనితనమే పరీక్షలో అడ్డు తగిలింది. వారానికి నాలుగు రాత్రులు ఒక పాత్రలో ఉండి, పగలు రెండు గంటలు ఇంకో పాత్రను చదివే మనిషికి, నిద్రమత్తులో ఏ పాత్ర ముందుకు వస్తుందో చెప్పనక్కరలేదు.

ఆర్.పి.ఎన్. పరిధి గురించి ఒంటారియో నర్సుల కళాశాల, అంటే అక్కడి నియంత్రణ సంస్థ, ఇచ్చే మార్గదర్శకం మూడు అంశాల మీద నడుస్తుంది: పేషెంటు, నర్సు, పని వాతావరణం. పేషెంటు పరిస్థితి ఎంత సంక్లిష్టం, ఎంతవరకు ముందుగా ఊహించగలిగినది, చెడు పరిణామాలకు ఎంత అవకాశం ఉంది అని చూడాలి. పరిస్థితి నిలకడగా, ఊహకు అందేదిగా ఉంటే ఆర్.పి.ఎన్. స్వయంగా సంరక్షణ చేస్తారు. సంక్లిష్టత పెరిగేకొద్దీ రిజిస్టర్డ్ నర్సుతో (ఆర్.ఎన్.) సంప్రదింపు, కలిసి పనిచేయడం పెరుగుతాయి, అవసరమైతే పేషెంటు బాధ్యత బదిలీ అవుతుంది. ఈ మూడు అంశాలనూ ఆమె కంఠస్థంగా చెప్పగలిగేవారు. అందువల్ల వాటిని మళ్లీ చదివించలేదు. తన హోమ్‌లో గడిచిన షిఫ్టులో జరిగిన ఒక సంఘటనను, ఎవరి పేరూ, గదీ లేకుండా, మూడు పాత్రల నుంచి మూడుసార్లు చెప్పమన్నాను: ఇక్కడ సపోర్ట్ వర్కర్‌గా నేనేం చేశాను, నా పాత వార్డులో అయితే ఏం చేసేదాన్ని, ఆర్.పి.ఎన్. అయితే ఏం చేస్తాను. ప్రాక్టీస్ ప్రశ్నల పుస్తకాలన్నిటికంటే ఈ ఒక్క అభ్యాసమే ఆమెకు ఎక్కువగా పనికొచ్చిందని నా నమ్మకం. షిఫ్టులు ఆమె చదువుకు ఆటంకం కావడం పోయి, చదువుకు సరుకయ్యాయి.

ఓదార్పు మాటలు, సమ్మతి

మనోసామాజిక విభాగంలోని తప్పుల స్వభావం వేరు. "నేను ఇక బతకనేమో" అన్న పేషెంటుకు ఏం చెప్పాలని అడిగితే, ఆమె ప్రతిసారీ "భయపడకండి, అంతా బాగవుతుంది" అన్న అర్థం వచ్చే ఆప్షన్‌ను ఎంచుకునేవారు. పరీక్ష దృష్టిలో ఇది ఆధారం లేని భరోసా. పేషెంటు తన భయాన్ని చెప్పుకునే దారిని అది మూసేస్తుంది. "మీకు అలా ఎందుకు అనిపిస్తోందో చెప్పండి" అన్నదే సరైన జవాబు. ఈ మార్పును నేర్పేటప్పుడు నేను జాగ్రత్తగా ఉంటాను. ఆ మాట మన వార్డులలో నిర్లక్ష్యంతో వచ్చేది కాదు. చేయి పట్టుకుని, పక్కన నిలబడి అనే మాట అది. దాన్ని తప్పని కొట్టేస్తే అభ్యర్థి మనసు నొచ్చుకుంటుంది, నేర్చుకోవడం ఆగుతుంది. పక్కన నిలబడటం సరైనదేనని, అక్కడ మాట్లాడవలసింది పేషెంటని చెప్పినప్పుడు ఆమె వెంటనే అందుకున్నారు.

కుటుంబం విషయం ఇంకా కష్టమైంది. క్యాన్సర్ అని తల్లికి చెప్పవద్దని కూతురు కోరితే నర్సు ఏం చేయాలన్న ప్రశ్నలో, ఆమె కూతురి పక్షాన నిలబడ్డారు. మన దగ్గర కేస్ షీట్ గురించి ముందు అటెండర్లతో, అంటే పేషెంటు వెంట ఉన్న బంధువులతో, మాట్లాడటం అలవాటు. ఒంటారియోలో 1996 నాటి హెల్త్ కేర్ కన్సెంట్ చట్టం ప్రకారం, కారణం కనిపించనంతవరకు ప్రతి వ్యక్తికీ తన చికిత్సపై నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉన్నట్టే భావించాలి. దానికి కనీస వయసంటూ కూడా లేదు. ప్రావిన్సు చట్టాల వివరాలు విడిగా రాసే జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్షలో వస్తాయి, ఆమె దాన్ని అప్పటికే పూర్తిచేశారు. అయినా నియమం తెలియడం వేరు, తల్లి ముందు కూతురిని కాదనగలగడం వేరు. ఈ దేశానికి వచ్చిన తొలి సంవత్సరాల్లో నేనూ ఇక్కడే తడబడ్డాను కాబట్టి, ఈ ఒక్క అంశానికి ఏకంగా రెండు సమావేశాలు కేటాయించాను. కూతురిని మాటలతో ఎలా దగ్గరకు తీసుకోవాలో, తల్లికి ఏ మేరకు తెలుసుకోవాలని ఉందో తల్లినే ఎలా అడగాలో ఇద్దరం పాత్రలు ధరించి అభ్యసించాం.

కొలతలు, మందుల పేర్లు

ఇది చూడటానికి చిన్న విషయం. కానీ ఆమె కోల్పోతున్న సమయంలో పెద్ద వాటా దీనిదే. భారతదేశంలో గ్లూకోజ్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాములలో చదివి అలవాటైన కళ్లకు 3.2 అన్న అంకె ఏ ప్రమాదాన్నీ చూపదు. ఆమె దాన్ని 18తో గుణించి, 58 దగ్గర ఉందని తేల్చుకుని, అప్పుడు కంగారుపడేవారు. హిమోగ్లోబిన్ లీటరుకు 78 గ్రాములంటే 7.8 అని, ఉష్ణోగ్రత 38.5 సెల్సియస్ అంటే 101 ఫారెన్‌హీట్ పైన అని మనసులోనే మార్చుకునేవారు. ఈ మార్పిడి ప్రతిదానికీ అరనిమిషం తింటుంది. 150 ప్రశ్నలకు నాలుగు గంటలంటే ఒక్కో ప్రశ్నకు 96 సెకన్లే. కాబట్టి మార్పిడిని పూర్తిగా నిషేధించాను. 4.0 కంటే తక్కువ గ్లూకోజ్ అంటే చేతులు కదలాలి, అంతే. పాత అంకె గుర్తుకు రాకూడదు. కార్డులమీద కొత్త అంకెకు ఎదురుగా పాత అంకెను రాయకుండా, పేషెంటు ఎలా కనిపిస్తారో రాయమన్నాను. మూడు వారాలకు అంకె కనబడగానే మనిషి కనబడసాగాడు.

మందుల పేర్లలోనూ ఇదే ఇబ్బంది. పారాసెటమాల్ ఇక్కడ అసెటమినోఫెన్, అడ్రినలిన్ ఇక్కడ ఎపినెఫ్రిన్, పెథిడిన్ ఇక్కడ మెపెరిడిన్. జలుబు మందులో ఉన్న అసెటమినోఫెన్‌ను కూడా రోజువారీ మొత్తంలో కలపాలన్న ప్రశ్నను, అది పారాసెటమాలేనని ఆ క్షణంలో స్ఫురించక ఆమె తప్పారు. డ్రిప్ లెక్కల్లో మాత్రం నేను నేర్పవలసింది ఏమీ లేకపోయింది. ఎనిమిది గంటలకు 1000 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే సెట్ అంటే నిమిషానికి 31 చుక్కలని కాగితం ముట్టకుండా చెప్పేవారు.

తప్పుల పట్టిక

ఈ పరిశీలనలన్నిటినీ ఒక నోటుపుస్తకంలోకి తెచ్చాం. తప్పిన ప్రతి ప్రశ్నకూ అది ఏ పాఠంలోదో రాయకుండా, ఎందుకు తప్పిందో ఒక్క మాటలో రాయాలి: పాత్ర, తొందర, కొలత, భరోసా మాట, నిజంగానే తెలియదు. మొదటి రెండు వారాల పట్టికలో నిజంగానే తెలియదు అన్నవి మూడో వంతు కూడా లేవు. నేను ఆరు వారాలు పాఠాలు చెప్పింది ఆ మూడో వంతు కోసం. పాత్ర అన్న మాట పట్టికలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది. సరైన జవాబు వచ్చినా, తప్పుడు కారణంతో వచ్చినట్టయితే దాన్ని కూడా రాయమన్నాను. ఇది ఆమెకు మొదట అన్యాయంగా తోచింది, కొన్నాళ్లు వాదించారు. అయితే ఊహించి పెట్టిన జవాబు సరైనదైతే అది రేపటి తప్పును దాచిపెడుతుంది కాబట్టి నేను పట్టువిడవలేదు.

రోజుకు 25 ప్రశ్నలు మించనివ్వలేదు. రోజుకు 100 ప్రశ్నలు చేసి జవాబులు చూసుకుని పడుకునే అలవాటు ఆమెకు ముందు ఉండేది. ఆ 25 ప్రశ్నలను షిఫ్టు దిగి వచ్చాక చేయకుండా, నిద్రలేచాక, షిఫ్టుకు వెళ్లేముందు చేయాలని నిర్ణయించుకున్నాం. పిల్లలు బడినుంచి రాకముందు దొరికే గంటన్నర సమయం అది. చివరి నెలలో రెండుసార్లు, సెలవు రోజున, పూర్తిగా నిద్రపోయి లేచాక, 150 ప్రశ్నలూ ఒకే కూర్చుడులో చేయించాను. మొదటిసారి 90 దాటగానే ఆమె వేగం పెరిగింది, తప్పులూ పెరిగాయి. మొదటి ప్రయత్నంలో జరిగినదే మళ్లీ జరిగిందని ఇద్దరం చూశాం. పరీక్ష కొనసాగుతోందంటే ఇంకా తేలలేదని అర్థం, అంటే ఇంకా నెగ్గే వీలుందని అర్థం. రెండోసారి 91వ ప్రశ్న దగ్గర ఆమె పెన్సిల్ కింద పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టారు.

ఫలితం, మిగిలిన సందేహాలు

రెండో ప్రయత్నంలో ఆమె ఉత్తీర్ణులయ్యారు. ఈసారి కూడా 90 దగ్గర ఆగలేదు, 120 దాటింది. లెక్కపెట్టడం మానేశానని, అందుకే కచ్చితమైన సంఖ్య చెప్పలేనని అన్నారు.

ఒక్క కేసు నుంచి తీసుకోగలిగినదానికి హద్దులున్నాయి. పైకి చెప్పించడం, తప్పుల పట్టిక, నిద్ర వేళల మార్పు అన్నీ దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి. వాటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. నిద్ర ఒక్కటే సరిపోయేదేమోనన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. నేను వృథా చేశానంటున్న ఆ ఆరు వారాల పాఠాలు కూడా ఏదో ఒక మేరకు తోడ్పడి ఉండవచ్చు. ఉత్తీర్ణులైన వారికి విభాగాలవారీ రిపోర్టు రాదు కనుక, ఆమె బలహీన విభాగాలు నిజంగా ఎంత మెరుగుపడ్డాయో చూసే దారి లేదు.

నా పద్ధతిలో రెండు మార్పులు స్థిరపడ్డాయి. కొత్త అభ్యర్థితో మొదటి సమావేశంలో పాఠ్యప్రణాళిక తీయను. 20 ప్రశ్నలు ఇచ్చి, తనకు సులువైన భాషలో పైకి ఆలోచించమంటాను, మాట కలపకుండా వింటాను. ఇప్పుడు ఎక్కడ, ఏ హోదాలో పనిచేస్తున్నారని అడిగి, ఆ జవాబును చదువుకు దొరికే గంటల లెక్కకే పరిమితం చేయకుండా, తప్పుల పట్టికలో మొదటి పంక్తిగా రాసుకుంటాను. ఆమె ప్రస్తుతం అదే హోమ్‌లో ఆర్.పి.ఎన్.గా పనిచేస్తున్నారు. చేరిన మొదటి వారంలో ఒక సపోర్ట్ వర్కర్ వచ్చి, ఫలానా గదిలోని రెసిడెంట్ కొత్తగా తికమకగా మాట్లాడుతున్నారని చెప్పారట. వెంటనే లేచి ఆ గదికి వెళ్లానని ఆ రాత్రి నాకు సందేశం పంపారు.